ఏడో బటన్‌కు పేరు పెట్టండి

చదువుల యాప్‌లకు టెండర్లు రాసే, బిల్లులు పాస్ చేసే విద్యాశాఖ అధికారులకు బహిరంగ లేఖ



నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పుకునే మాస్టారిని. ఒక్క మాట నన్ను ఈ ఉత్తరం దాకా తెచ్చింది. ఆమధ్య ఒక సమీక్షా సమావేశంలో పిల్లల కోసం చేయించిన కొత్త యాప్‌ను తెర మీద చూపించారు. రంగులు బాగున్నాయి, బొమ్మలు కదిలాయి, జవాబు సరైతే చప్పట్లు కూడా వినిపించాయి. అంతా అయ్యాక లేచి అడిగాను. "సార్, మా బళ్లో చూపులేని అమ్మాయి ఉంది. ఈ యాప్ ఆ పిల్ల ఫోన్‌లో పలుకుతుందా?" సమాధానం మర్యాదగానే వచ్చింది. "అది సెకండ్ ఫేజ్‌లో చూద్దాం మాస్టారూ." ఆ తర్వాత టీలు వచ్చాయి.

ఆ మాటన్న పెద్దమనిషి ఎవరో రాయను. అది ఆయనొక్కడి మాట కాదు. నా సర్వీసులో ఇదే మాట ర్యాంపుల గురించి విన్నాను, బ్రెయిలీ పుస్తకాల గురించి విన్నాను, ఇప్పుడు యాప్‌ల గురించి వింటున్నాను. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు, గుర్తుందా? దయ్యం రోజూ వచ్చి, అది చదువుకుని, రేపొద్దామని వెళ్లిపోయేదట. మీ రెండో దశ సరిగ్గా ఆ రాతే. తేడా ఒక్కటే, వచ్చి నిలబడింది దయ్యం కాదు, పుస్తకాల సంచీ వేసుకున్న పిల్ల.

ఆ పిల్ల సంగతి కొంచెం దగ్గరగా చెబుతాను. వాళ్ల అన్న వాడి వదిలేసిన ఫోన్ ఆమెది. అద్దం ఒక మూల పగిలింది, ఆమెకు దానితో పనిలేదు. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటుంది, రెండో చెవి క్లాసుకు వదిలేస్తుంది. టాక్‌బ్యాక్ ఆన్ చేసి తెర మీద వేలితో కుడివైపుకు ఒక్కసారి తోస్తే, అక్కడున్నదేమిటో ఫోన్ చదివి చెబుతుంది. కావలసింది అదే అయితే రెండుసార్లు తడుతుంది, తెరుచుకుంటుంది. వాట్సాప్‌లో ఆమె వేగం నాకు లేదు. నేను కళ్లద్దాలు వెతుక్కునేలోపు ఆమె జవాబు పంపేస్తుంది.

మేము పిల్లలందరి చేతా తప్పనిసరిగా వాడించిన ఒక చదువుల యాప్ తెరిస్తే మాత్రం ఆ ఫోన్ ఇలా పలికేది: "బటన్. బటన్. బటన్. బటన్." కంటితో చూసేవాళ్లకు అక్కడ ఇంటి బొమ్మ, పుస్తకం బొమ్మ, గంట బొమ్మ కనిపిస్తాయి. వాటి వెనుక ఎవరూ పేరు రాయలేదు. పేరు లేని దాన్ని ఫోన్ ఏమని పిలుస్తుంది? బటన్ అంటుంది, అంతకంటే దానికి తెలియదు. మరెలా వాడుతున్నావమ్మా అని అడిగితే, "లెక్కపెట్టుకున్నాను సార్. మెయిన్ పేజీలో నాలుగోది హోంవర్కు. క్విజ్‌లో ఏడోది తర్వాతి ప్రశ్న" అంది. చీకట్లో మెట్లు లెక్కపెట్టుకుంటూ దిగేవాళ్లలాగా, ఆ పిల్ల యాప్ మొత్తాన్ని అంకెలుగా కంఠస్థం చేసింది. శతకం అప్పజెప్పమంటే నసిగే పిల్లలున్న క్లాసులో ఇది నాకు అబ్బురమే. కానీ ఆ అబ్బురం వెనుక సిగ్గుపడాల్సింది కూడా ఉంది. అందరూ ఆ యాప్‌లో పాఠం నేర్చుకుంటుంటే, ఆమె ముందు యాప్‌ను బట్టీపట్టాలి.

ఒక ఆదివారం రాత్రి యాప్ తనంతట తాను అప్‌డేట్ అయింది. క్విజ్ పేజీలో ఎవరో కొత్తగా ఒక బటన్ చేర్చారు, దాంతో క్రమం మారిపోయింది. సోమవారం ఇరవై మార్కుల పరీక్ష. మొదటి ప్రశ్నకు సరైన జవాబే పెట్టింది. అలవాటుగా ఏడో బటన్ దగ్గరికెళ్లి రెండుసార్లు తట్టింది. అది ఇప్పుడు తర్వాతి ప్రశ్న కాదు, సబ్మిట్. పరీక్ష అయిపోయింది. ఇరవైకి ఒకటి.

అంతటితో ఆగినా బాగుండేది. సాయంత్రానికి వాళ్ల నాన్న ఫోన్‌కు మెసేజ్ వెళ్లింది, మీ అమ్మాయి చదువులో వెనుకబడింది, శ్రద్ధ తీసుకోండి అని. ఆ మనిషి మర్నాడు పని మానుకుని బడికి వచ్చాడు. ఫోన్ నా ముందు పెట్టి, "మా పిల్ల బాగానే చదువుద్దని మీరే అన్నారు కదండీ" అన్నాడు. నేనేం చెప్పను? మీరైతే ఏం చెప్పేవారు? వెనుకబడింది ఆ అమ్మాయా, ఆ యాప్ చేసిన కంపెనీయా, దాన్ని చూసి సరేనని సంతకం పెట్టిన మనమా?

ఈ పిల్లల్ని మొదట వికలాంగులన్నాం. అది బాగోలేదని విభిన్న ప్రతిభావంతులన్నాం. ఆ తర్వాత దివ్యాంగులన్నాం. బోర్డులు మార్చాం, లెటర్‌హెడ్లు మార్చాం, రబ్బరు స్టాంపులు మార్చాం. పిల్లకు మూడు పేర్లు పెట్టిన వ్యవస్థ బటన్‌కు ఒక్క పేరు పెట్టలేకపోయింది.

డబ్బు లేదనకండి. టాక్‌బ్యాక్ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ముందే ఉండే సౌకర్యం, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ కూడా అంతే. మీరు పైసా పెట్టి కొననక్కర్లేదు. కంప్యూటర్ మీద తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం. దాన్ని 2006లో మొదలుపెట్టింది ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు. ఆయనకు తోడైన జేమ్స్ తే కూడా చూపులేనివాడే. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనలేనివాళ్లు చదువుకు దూరం కాకూడదని వాళ్లు చేసిన పని అది. ఇక బటన్‌కు పేరు పెట్టడమంటే, ప్రోగ్రాం రాసే కుర్రాడు ఆ బొమ్మ పక్కన "హోంవర్కు" అని ఒక్క మాట చేర్చడం. యాప్ కడుతున్నప్పుడే చేస్తే అది ఖర్చుగా కూడా కనిపించదు. కట్టేశాక చేయాలంటేనే మళ్లీ ఎస్టిమేటు, మళ్లీ ఫైలు, మళ్లీ రెండో దశ. ఇల్లు కట్టి గృహప్రవేశం అయ్యాక గుమ్మం కోసం గోడ పగలగొట్టుకునే తెలివి మనకెందుకు?

తెలుగు మాస్టారిని కనక, నా సొంత గోడు ఒకటి ఇక్కడ వెళ్లబోసుకుంటాను. మా వాట్సాప్ గ్రూపుల్లోకి పైనుంచి రోజూ పీడీఎఫ్‌లు దిగుతుంటాయి. మోడల్ పేపర్లు, అభ్యాస పత్రాలు, సర్క్యులర్లు. వాటిలో సగం కాగితాన్ని ఫొటో తీసి పంపినవి. ఫొటోలో అక్షరాలుండవు, అక్షరాల బొమ్మ ఉంటుంది. చదివే సాఫ్ట్‌వేర్ అక్కడికొచ్చి మౌనంగా నిలబడిపోతుంది. మిగతా సగం అను ఫాంట్లలో టైపు చేసినవి. మీ ఆఫీసు పక్క డీటీపీ సెంటర్లో కూర్చున్న కుర్రాణ్ని అడగండి, చెబుతాడు. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరం ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల స్థానాల్లో దాక్కుని ఉంటుంది. మన కంటికి "అమ్మ" అని కనిపించేది యంత్రానికి ఏదో డాలరు గుర్తు, ఏదో బ్రాకెట్టు. వేమన పద్యం ఉన్న ఒక అభ్యాస పత్రాన్ని ఆ అమ్మాయి ఫోన్ నా ముందే చదివింది. పద్యం పలకలేదు. ఎవరో నిద్రలో ఇంగ్లిషు అక్షరాలు కలవరించినట్టుంది. ఆ పిల్ల నవ్వేసి, "సార్, వేమనకి జ్వరమొచ్చినట్టుంది" అంది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. ముప్పై ఏళ్లు దాటింది. ఈ ఫోన్లలో మనం టైపు చేసుకునే తెలుగంతా యూనికోడే. రాత్రి పూట మనవరాలికి మెసేజి యూనికోడ్‌లో పెట్టే అధికారి, పొద్దున్నే ఆఫీసుకొచ్చి పిల్లల పాఠాన్ని మాత్రం మూగ తెలుగులో ఎందుకు పంపిస్తారు? అచ్చుకు అను ఫాంట్లే వాడుకోండి, ఎవరు కాదన్నారు? పిల్లల ఫోన్‌కు వచ్చే కాపీ మాత్రం యూనికోడ్‌లో పంపండి. తెలుగు భాషా దినోత్సవానికి ఆగస్టు 29న మాలలు వేసి ఉపన్యాసాలిచ్చేవాళ్లం కదా, మన తెలుగు ఒక పిల్లకు వినపడటం లేదంటే మనకు కాస్తయినా ఉలుకు రావద్దా?

చట్టం మీకు నాకంటే బాగా తెలుసు. అయినా చదివిస్తాను, పాఠం చెప్పే అలవాటు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ ఏమంటోంది? నిర్దేశించిన స్థాయి వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్లు వచ్చేదాకా పుస్తకాలు, బోధన సామగ్రి, తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలంటోంది. 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న సమాచారమంతా వాళ్లకు అందే రూపంలో ఉండాలంటోంది. సమగ్ర శిక్షలో ఒక్కో ప్రత్యేక అవసరాల బిడ్డకు ఏడాదికి 3,500 రూపాయల లెక్కన నిధి ఉంది. ఒక చేత్తో పరికరం ఇచ్చి, రెండో చేత్తో ఆ పరికరం చదవలేని యాప్ ఇస్తే ఆ చట్టం అమలైనట్టా?

సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో మొహమాటపడలేదు. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో, సౌలభ్య ప్రమాణాలను ఇష్టమైతే పాటించే సలహాలుగా మార్చిన, ఆ చట్టం కింది నిబంధనల్లోని 15వ నిబంధన చట్టానికే విరుద్ధమని తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలేవో విడదీసి చెప్పమని కేంద్రానికి మూడు నెలల గడువిచ్చింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదిక ఎక్కడ తయారైందో తెలుసా? మన హైదరాబాద్‌లోనే, నల్సార్ విశ్వవిద్యాలయంలోని వికలాంగుల అధ్యయన కేంద్రంలో. దేశం మొత్తానికి దారి చూపిన కాగితం అక్కడే ఉంటే, మన ఫైళ్లకు ఆ దారి తెలియకపోవడం ఏమిటి?

2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసింది. ఆమె యాసిడ్ దాడి బాధితురాలు. కెమెరా ముందు రెప్పలార్పితేనే మీరు మనిషని నమ్ముతామంది ఒక యంత్రం. ఆమె రెప్పలు ఆర్పలేరు. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం చెప్పింది ఆ సందర్భంలోనే. పిల్లల హాజరుకు ముఖాలు చూపించమనే యాప్‌లు తెస్తున్న మీరు ఆ తీర్పు ఒకసారి చదివితే మంచిది.

ఇంకొకటి. ఈ మాట ఎత్తగానే మీలో కొందరు శ్రీకాంత్ బొల్లా పేరు చెబుతారు. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన చూపులేని కుర్రాడు ఎంఐటీ దాకా వెళ్లాడు, బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు, 2024లో సినిమా కూడా వచ్చింది, పట్టుదల ఉండాలి మాస్టారూ అంటారు. సినిమా నేనూ చూశాను. కానీ ఆయన కథలో మన పాత్ర ఏమిటో కూడా చూడండి. పదో తరగతి మంచి మార్కులతో పాసై సైన్స్ చదువుతానంటే నిబంధన ఒప్పుకోదన్నారు. కోర్టుకెళ్లి గెలిచి, పుస్తకాలను ఆడియోగా చేయించుకుని ఇంటర్‌లో 98 శాతం తెచ్చుకున్నాడు. అంత తెచ్చుకున్నా ఐఐటీ కోచింగ్‌లో చేర్చుకోలేదు. దారి మూసింది మన వ్యవస్థ, గోడ దూకింది ఆయన. ఆయన దూకడాన్ని మీ గొప్పగా చెప్పుకోకండి. అంత ఎత్తు దూకలేని మామూలు పిల్ల, యాభై శాతంతో పాసయ్యే పిల్ల, ఆమెకూ యాప్ పలకాలి కదా?

చూపు సంగతే ఇంతసేపు మాట్లాడాను, నాకు దగ్గరగా తెలిసింది అది కనక. మీ వీడియో పాఠాలు చూడండి. పంతులుగారు బోర్డు వైపు తిరిగి "ఇదిగో, ఇది ఇక్కడి నుంచి ఇలా ఇక్కడికి వస్తుంది" అంటారు. చూపులేని పిల్లకు ఏది, ఎక్కడి నుంచి, ఎక్కడికి? వినపడని పిల్లాడికి ఆయన పెదవులు కూడా కనపడవు. కింద తెలుగు అక్షరాలు వేయరు. సైగల భాషలో పాఠాలకు పీఎం ఈ-విద్యలో 31వ ఛానెల్ ఉంది, మన వీడియోల్లో మూలన చిన్న చదరంలోనైనా ఆ భాష ఎందుకు లేదు? లెక్కల్లో సమీకరణాలన్నీ బొమ్మలుగా అతికిస్తారు. చేతులు స్వాధీనంలో లేని పిల్లాడు ఒక్క వేలితో లాగి జతపరచాల్సిన ప్రశ్న దగ్గర గుక్క తిప్పుకోలేక సతమతమవుతుంటాడు, పైన గడియారం పరుగెడుతుంటుంది. రాత పరీక్షలో ఇలాంటి పిల్లలకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018లోనే కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. నేను చూసిన యాప్‌లలో గడియారాన్ని ఆపే మీట లేదు. కాగితం మీద ఉన్న దయ ఫోన్‌లోకి వచ్చేసరికి ఎలా ఎగిరిపోయింది?

ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉంటారు మాస్టారూ అని అడుగుతారు, నాకు తెలుసు. 2011 జనగణనలో అన్ని వయసుల దివ్యాంగులు కలిపి దేశంలో 2 కోట్ల 68 లక్షల మంది, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షల 66 వేల మంది లెక్కకొచ్చారు. చట్టం గుర్తించే వైకల్యాలు అప్పటి కంటే పెరిగి ఇప్పుడు 21 అయ్యాయి. బడిలో ఉన్న పిల్లల లెక్క మీ యూడైస్‌లోనే ఉంది, ఏటా మేమే నింపి పంపుతాం. సదరం క్యాంపులో క్యూ కట్టించి, శాతాలు కొలిచి, సర్టిఫికెట్టు చేతికిచ్చేది మీ ప్రభుత్వమే. లెక్క అంత పక్కాగా ఉన్నాక మళ్లీ ఎంతమంది అని అడగడంలో అర్థం ఏమిటి?

పైగా ఇది వాళ్లొక్కరి మేలు కాదు. ఆ అమ్మాయి అరుగు మీద కూర్చుని ఫోన్ చేత చదివించుకుంటుంటే, పక్కింటావిడ తన ఫోన్ పట్టుకొచ్చిందట. ఆవిడకు అక్షరాలు రావు, కొడుకు బడి నుంచి వచ్చే మెసేజ్‌లు ఎవరో ఒకరి చేత చదివించుకోవాలి. "ఇదీ చదివించు తల్లీ" అంది. అప్పటి నుంచి పేరెంట్స్ మీటింగులకు ఆవిడ తప్పకుండా వస్తోంది. చూపులేని పిల్ల కోసం తెరిచిన తలుపులోంచి చదువురాని తల్లి బడిలోకి వచ్చింది. మీ రెండో దశ పిల్లల జాబితాలో ఈవిడ కూడా ఉందని మీకు తెలుసా?

నాకు కొత్త పథకం వద్దు. కొత్త పేరు అసలే వద్దు. ఈసారి టెండరు కాగితం మీ బల్ల మీదికి వచ్చినప్పుడు అందులో ఒక్క వాక్యం చేర్చండి: ఈ యాప్ ఐఎస్ 17802 సౌలభ్య ప్రమాణాన్ని పాటించాలి, చూపు, వినికిడి, కదలికల్లో ఇబ్బందులున్న విద్యార్థులు వాడి చూసి సరేనన్నాకే చివరి చెల్లింపు జరుగుతుంది. ఆ ప్రమాణం భారతీయ ప్రమాణాల సంస్థదే, 2023లో దివ్యాంగుల హక్కుల చట్టం నిబంధనల్లోకీ చేరింది. పరీక్షించే వాళ్లకోసం ఎక్కడికో పోనక్కర్లేదు. మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రం ఉంది, అక్కడ పిల్లలున్నారు, ఒక పూట పిలిచి కూర్చోబెట్టండి. వాళ్ల మధ్యాహ్న భోజనం ఖర్చు మీ టీల ఖర్చు కంటే తక్కువే అవుతుంది.

ఇప్పటికే నడుస్తున్న యాప్‌ల విషయంలో కంపెనీ మాట వినకండి, మీరే చూడండి. ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేయండి. కళ్లకు చేతిరుమాలు కట్టుకోండి. మీరు సంతకం పెట్టిన యాప్ తెరిచి ఒక హోంవర్కు పూర్తి చేయండి. పావుగంట చాలు. ఆ పావుగంటలో ఎన్నిసార్లు "బటన్" అని వినపడిందో లెక్కపెట్టి, ఆ అంకెను మీ ఫైల్లో మీ చేత్తోనే రాయండి. మా పిల్లలు లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు, ఒక్కరోజు మీరూ లెక్కపెట్టండి.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. పరీక్షల దాకా ఆ యాప్‌లోనే రోజూ క్విజ్ పెట్టి, మార్కులు పైకి పంపమని మాకు ఆదేశాలున్నాయి. రెండో దశ మార్చిలోగా వస్తుందో రాదో ఒక తేదీ వేసి చెప్పండి. ఈలోగా ఏడో బటన్‌కు పేరు పెట్టించండి. అప్పటిదాకా ఆ పిల్ల మార్కులను నేను కాగితం మీదే వేస్తాను. ఆదేశం పాటించలేదని మెమో ఇస్తే తీసుకుంటాను.

ఇట్లు,
ఒక తెలుగు మాస్టారు